నేను మింగించిన సూది

సూదిలో దారం ఎక్కించడం రాక పరువు పోగొట్టుకున్నవాళ్లు ఉంటారు. నేను అది మరీ బాగా అలవాటు కావడం వల్ల పోగొట్టుకున్నాను. అదీ ఆపరేషన్ థియేటర్లో, బల్ల మీద పేషెంటు మెలకువగా ఉండి అంతా వింటుండగా! నాతోపాటు ఆయన దుబాయి ప్రయాణం కూడా మునిగేదే.

మాది సిరిసిల్ల. మా ఇళ్లలో పిల్లలు నడక కంటే ముందు తెగిన పోగుకు ముడి వేయడం నేర్చుకుంటారు. సాంచాలు, అదే మరమగ్గాలు, ఆగిపోయి బాబాయి పని వెతుక్కుంటూ భివండి బస్సెక్కిన ఏడు, నాన్న నన్ను పిలిచి, "గీ పోగుల పని నాతోనే పోనీ. బట్టకు గిరాకి ఉండది గని రోగానికి ఎన్నడు తగ్గది కొడుకా. దవాఖాన పని నేర్చుకో" అన్నాడు.

అలా ఇంటర్ బైపీసీ అయ్యాక జగిత్యాలలో రెండేళ్ల థియేటర్ టెక్నీషియన్ డిప్లొమా చదివాను. కత్తుల, కత్తెర్ల పేర్లు బట్టీ పట్టాను, వాటిని ఆవిరిలో శుద్ధి చేయడం నేర్చుకున్నాను. తర్వాత కోరుట్లలో ఓ చిన్న నర్సింగ్ హోమ్‌లో శిక్షణకు చేరాను. అక్కడ ఏడాది పనిచేసినట్టు సర్జన్ మేడం కాగితం ఇస్తే గల్ఫ్‌లో ఉద్యోగం దొరుకుతుందని ఆశ. మేడం దాకా పోవాలంటే ముందు థియేటర్ ఇన్‌చార్జి సుగుణ సిస్టర్‌ను దాటాలి. ఆవిడ చూస్తే సూక్ష్మజీవులు కూడా చెప్పులు బయట విడిచి వచ్చేవి.

మూడు నెలలు పనిముట్లు కడిగించాక ఓ పొద్దున సిస్టర్, "ఇయ్యాల నువ్వే మేడం పక్కన నిలవడు" అంది. ఆ రోజు మోచేతుల దాకా ఎంత తోమానంటే పుట్టుమచ్చలు రాలిపోతాయనిపించింది. గౌను, గ్లోవ్స్ వేసుకుని, చేతులు దేనికీ తగలకుండా ఛాతీ ముందు ఎత్తిపట్టుకుని లోపలికి వచ్చాను.

బల్ల మీద రాజేశం గౌడ్. తాటిచెట్లు ఎక్కీ ఎక్కీ గజ్జల్లో హెర్నియా తెచ్చుకున్న మనిషి. కల్లు గిరాకీ పడిపోయి దుబాయికి వీసా తెప్పించుకున్నాడు. హెర్నియా ఉంటే మెడికల్ పరీక్షలో పోతాడు. అందుకే ఈ ఆపరేషన్. బయట ఆయన భార్య గంగవ్వ పాస్‌పోర్టు ఉన్న సంచిని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నడుముకు మత్తు ఇవ్వడంతో ఆయన కింది సగం నిద్రపోయింది. కానీ నోరు పై సగంలో ఉంది కదా!

"తమ్మీ, ఎవలికి దండం పెడ్తున్నవ్?"

"దండం కాదే, చేతులు దేనికి తాకద్దు."

"ఎములాడ రాజన్నకు అనుకున్న. పెడితే నా పేరు మీద గూడ ఒకటి పెట్టు."

అరగంట అంతా సవ్యంగా నడిచింది. మేడం దారం అడిగింది. సూదితో కలిసి వచ్చే దారం ఆ రోజు అయిపోయింది, నేనే ఎక్కించాలి. బెజ్జంలోకి పోలేదు. మళ్లీ ప్రయత్నించాను. పోలేదు.

"ఏమైంది?" అంది మేడం.

అంతే, నా చేతులు నా మాట మానేసి, మా నాన్న సాంచా దగ్గర నేర్పిన మాట వినడం మొదలుపెట్టాయి. దారం కొసను తిన్నగా నోటి దగ్గరికి తీసుకెళ్లి, మాస్కు మీద నుంచే నాలుకతో తడపబోయాయి. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. కొత్త టెక్నీషియన్ నోరెరగడు.

"నోట్లె పెడ్తవార!" సిస్టర్ కేకకు దీపాలు వణికాయి. "దారం పారెయ్! గ్లోవ్స్ మార్చు!"

దారం పారేశాను. గ్లోవ్స్ మార్చుకుని తల వంచుకుని వచ్చేసరికి సిస్టర్ లెక్క చూస్తోంది. ఒక సూది తక్కువ.

మేడం చెయ్యి ఆగిపోయింది. "సూది దొరికేదాకా నేను కుట్టు వేయను."

థియేటర్లోకి వెళ్లిన ప్రతి సూదీ, ప్రతి గుడ్డముక్కా లెక్కకు తిరిగి రావాలండీ. రాలేదంటే అనుమానించాల్సిన చోటు ఒక్కటే. ఆ చోటు పేరు రాజేశం గౌడ్.

"నా కడుపులనా?" అంది తెర వెనక నుంచి ఆ చోటు.

"ఏం లేదు, నువ్వు పండుకో" అంది సిస్టర్.

"పండుకునే ఉన్న గద సిస్టరూ! విమానం కాడ మిషన్‌ల నిలవెడ్తరట. కుయ్యిమన్నదనుకో, బంగారం మింగిండని పట్టుకుంటరు!"

"సూది బంగారం కాదు రాజేశమన్నా" అని ఓదార్చాను.

"గదే నా బాధ! బంగారమన్న దక్కకపాయె, జైలు మాత్రం దక్కె!"

సిస్టర్ అయస్కాంతంతో నేలంతా దువ్వింది. మత్తు డాక్టరు తన చెప్పులు తిరగేసి చూసుకున్నాడు. మేడం ఎక్స్‌రే మిషన్ తెమ్మంది. నాకు ఏడుపొచ్చింది. తుడుచుకుందామంటే చేతులు దేనికీ తాకకూడదు. కన్నీళ్లు నేరుగా మాస్కులోకి పోయాయి. నిజంగానే ఆయన లోపల సూది ఉంటే? గంగవ్వకు ఏ మొహంతో చెప్పను?

తెర మీదుగా వంగి, "తప్పయింది అన్నా, మాఫ్ చెయ్యి" అన్నాను.

రాజేశం నన్ను పైనుంచి కిందికి చూశాడు. "తమ్మీ, మీది సిరిసిల్లనా?"

"అవునే. ఎట్ల ఎర్కయింది?"

"ఛాతి మీద సూది గుచ్చుకున్నవ్ గద. మా బావ గూడ సాంచా కాడ గట్లనే గుచ్చుకుంటడు."

చూసుకుంటే నిజమే. దారం తడపడానికి రెండు చేతులూ కావాలని నా చేతులు సూదిని గౌను మడతలో గుచ్చేశాయి. మాస్కు అడ్డమై నాకే కనిపించలేదు. సిస్టర్ పట్టకారుతో సూదిని పీకింది. ఆ చూపును బట్టి నా ప్రాణం పీకడానికీ ఆ పట్టకారే చాలనుకుని ఉంటుంది. మేడం మాత్రం మాస్కు వెనక నవ్వుతూ కుట్లు పూర్తిచేసింది.

సాయంత్రం మేడం వెంట వార్డుకు వెళ్తే, గంగవ్వ మేడంను పక్కకు జరిపి మరీ నా కాళ్లకు మొక్కింది.

"అయ్యో, మేడమే చేసింది ఆపరేషన్!" అన్నాను.

"మాకు ఎర్కనే బాంచెను" అంది గంగవ్వ. "మా ఆయిన అంత చెప్పిండు. అందరు కిందికి వంగి ఎతికిండ్రట. మీరొక్కలే చేతులు లేపి నిలవడ్డరట. సూది గూడ మీ దగ్గరనే ఉన్నదట. తాళంచెవి ఎవలి దగ్గరుంటే గాళ్లే ఇంటి పెద్ద గదా!"

మేడం నా వైపు తిరిగింది. "పెద్ద డాక్టర్ గారూ, రేపు ఎనిమిదింటికల్లా రండి. పనిముట్లు కడగాలి."

ఆ రాత్రే ప్రతిజ్ఞ చేశాను. ఈ జన్మలో దారాన్ని నాలుకకు చూపించను. ఛాతీకి సూది గుచ్చుకోను, గుండుసూది అయినా సరే. అందుకే ఇప్పటికీ పంద్రాగస్టున అందరూ జెండా గుర్తును చొక్కాకు గుచ్చుకుంటే, నేనొక్కణ్ణే దాన్ని చేత్తో పట్టుకుని వందనం చేస్తాను.