అండాలు గడిలో చుక్క

నాట్ల కాలం వస్తే అందరికీ బురద వాసన గుర్తొస్తుంది. జాహేదాకు మాత్రం ప్రింటర్ చప్పుడు గుర్తొస్తుంది. సాగర్ కాలువకు నీళ్లు వదిలి, హాలియా చుట్టూ మళ్లన్నీ ఆకాశాన్ని తమలో పరుచుకున్న రోజుల్లో, ఒక చిన్న గదిలో ఆ ప్రింటర్ కిర్రుకిర్రుమంటూ పిల్లల పేర్లను కాగితం మీదికి దింపేది.

ఆమె తండ్రి అబ్దుల్ హమీద్ బస్టాండు ఎదురుగా స్టవ్వులు, టార్చిలైట్లు బాగుచేసేవాడు. కూతురు బస్సులో నల్లగొండకు పోయి కంప్యూటర్ నేర్చుకుంటానంటే ఒక్కమాటే అడిగాడు.

"పాడైతే విప్పి చూడనీకొస్తదా ఆ మిషను?"

"వస్తది అబ్బా" అంది జాహేదా, తెలియకపోయినా.

తొంభై ఎనిమిదిలో తను చదువుకున్న ప్రైవేటు హైస్కూల్లోనే ఆమెకు కొలువు దొరికింది. స్కూలు యజమాని యాదయ్య ఆ ఏడే కంప్యూటర్ కొన్నాడు. మానిటర్ నుదుట కుంకుమ బొట్టు, పక్కన అగరుబత్తి, గుమ్మం బయట చెప్పులు. సార్లయినా సరే కాళ్లు దులుపుకుని లోపలికి రావాల్సిందే. నీలం తెర మీద తెల్లని అక్షరాలు వెలిగితే, ఎండాకాలం డాబా మీద పడుకుని చూసిన చుక్కలన్నీ ఎవరో వరుసలో నిలబెట్టినట్టు ఉండేది ఆమెకు.

మార్కుల ప్రోగ్రాం హైదరాబాదు నుంచి వచ్చింది. గడుల్లో మార్కులు నింపితే చాలు, మొత్తం అదే వేసేది, పాసో ఫేలో అదే చెప్పేది, ర్యాంకులు అదే పేర్చేది. అంతవరకూ ఆ పని నూరుద్దీన్ సారుది. లెక్కల సారు. జాహేదాకు ఎక్కాలు నేర్పింది ఆయనే. ఆయనకొక అలవాటుండేది. నాట్లకు పోయి పరీక్షకు రాని పిల్లలకు మార్కుల రిజిస్టరు గడిలో పెన్సిలుతో చుక్క పెట్టేవాడు. నాట్లు అయిపోయాక వాళ్లను వరండాలో కూర్చోబెట్టి పరీక్ష రాయించి, చుక్కను చెరిపి, మార్కు వేసేవాడు. ఈ కాలువ కింద బడి నడపాలంటే కాలువ మాట కూడా కాస్త వినాలి కదా.

ఆ ఏడు క్వార్టర్లీ మార్కులు ఎక్కిస్తూ జాహేదా చుక్కలున్న గడులను ఖాళీగా వదిలింది. ప్రోగ్రాంకు ఖాళీ అంటే తెలియదు. ఖాళీ కనిపించిన ప్రతిచోటా సున్నా వేసుకుంది. ఆమె చూడలేదు. మీట నొక్కగానే పేర్లన్నీ ఎవరూ ముట్టుకోకుండానే ర్యాంకుల వరుసలో సర్దుకుంటుంటే, ఆ వింత చూస్తూ ఉండిపోయింది. కార్డులు అచ్చయ్యాయి, పిల్లలు ఇళ్లకు పట్టుకుపోయారు.

మర్నాడు పొద్దున బడి వరండాలో ఉన్న నూరుద్దీన్ సారు దగ్గరికి నర్సింగమ్మ వచ్చింది. మోకాళ్ల దాకా ఎగదోపిన చీర, చేతిలో సద్దిగిన్నె. వెనకాల తొమ్మిదో తరగతి చదివే కూతురు అండాలు, తలవంచుకుని.

"సార్, పిల్లను తీస్కపోతున్న. లెక్కల సున్నా వచ్చిందట, ఫేలైందట. దాని కార్డు అదే చదివి చెప్పింది. మా ఇంటాయన ఎప్పుడో అన్నడు, పాసైతే సదువు, ఫేలైతే నాటు అని."

నూరుద్దీన్ సారు కార్డు అందుకుని చూసి, అద్దాలు తీసి మళ్లీ పెట్టుకున్నాడు. "అమ్మా, పిల్ల పరీక్షనే రాయలే. నీతోనే నాటుకు వచ్చింది గద ఆ రోజు! ఇటియ్యి, నేను దిద్దుత."

ఆయన జేబులోంచి పెన్ను తీయగానే నర్సింగమ్మ కార్డు వెనక్కి లాక్కుంది.

"మీరు దయ తలిచి రాస్తరు సార్, నాకెర్క. మిషనుకేం దయ ఉంటది? గది చెప్పిందే నిజం. ఇంటాయన గూడ గట్లనే అంటడు."

జాహేదా కంప్యూటర్ గది గుమ్మంలో నిలబడి వింటోంది. ఆ సున్నా ఎక్కడినుంచి పుట్టిందో ఆమెకు అప్పుడు అర్థమైంది.

"అత్తా, జర కూసో" అంది. "తప్పు మిషనుదే, నాది గూడ. దానితోనే దిద్దిపిస్త."

"జల్ది చెయ్యి బిడ్డా. రోడ్డు మీద ట్రాక్టరు ఆగదు మా కోసం."

జాహేదా అండాలు గడిలో చుక్క కొట్టింది. కంప్యూటర్ కీచుమని తిప్పికొట్టింది. అది అంకెల గడి, అంకె తప్ప ఇంకేదీ పట్టదు. మళ్లీ కొట్టింది. మళ్లీ కీచుమంది.

"ఏమంటాంది బేటీ?" అన్నాడు సారు, చెప్పులు విడిచి లోపలికొస్తూ.

"ఉంటే మార్కు, లేకుంటే సున్నా అంటాంది సార్. ఇంకా రాయలేదన్న మాట దానికెర్క లేదు."

"అయితే నేర్పు. నీకు ఎక్కాలు రానప్పుడు నేను నేర్పలేదా?"

పాడైతే విప్పి చూడటమే. జాహేదా ప్రోగ్రాంను తెరిచింది. నల్లగొండలో నేర్చుకున్నవి ఒక్కొక్కటే వేళ్లకు గుర్తొచ్చాయి. అంకెల గడిని అక్షరాల గడిగా మార్చింది. ఏ వరుసలో చుక్క ఉన్నా మొత్తం, ర్యాంకు వేయవద్దని, పాసు ఫేలు చెప్పవద్దని, అక్కడా చుక్కే పెట్టి ఆగమని రాసింది. సరిగ్గా అచ్చుకు పెట్టబోయేసరికి కరెంటు పోయింది.

వరండాలో నర్సింగమ్మ లేచి నిలబడింది. దూరంగా ట్రాక్టరు హారను మోగింది. "మిషను గూడ మనలెక్కనే ఉన్నది, కరెంటు లేకుంటే కూలబడుతది" అని నవ్వి, మళ్లీ కూర్చుంది. ట్రాక్టరు ఆమెను వదిలేసి వెళ్లిపోయింది.

కాసేపటికి కరెంటొచ్చి ఫ్యాను కదిలింది. జాహేదా రాసిందంతా పోయింది. మళ్లీ మొదటినుంచి రాసింది. ప్రింటర్ కిర్రుమంది. కార్డు మీద సున్నా ఉన్నచోట, ఫేలన్నచోట, ర్యాంకున్నచోట నువ్వుగింజంత చుక్కలు.

నర్సింగమ్మ కాగితాన్ని వెలుతురుకు పట్టింది. "గీ చుక్కేంది?"

"పరీక్ష ఇంకా ఉన్నదని, అత్తా. ఫేలు కాదు, పాసు కాదు. రాసినంక తెలుస్తది."

"మిషనే అన్నదా గీ మాట?"

"మిషనే."

నర్సింగమ్మ కార్డును మడిచి రొండిన దోపుకుంది. సద్దిగిన్నె కూతురు చేతిలో పెట్టింది. "అయితే రాసి రా. నేను నడిచి పోత" అని, ఒక్కతే గట్లవైపు సాగిపోయింది.

అండాలు వరండాలో స్తంభానికి ఆనుకుని పరీక్ష రాసింది. పొద్దు వాలేవేళకు నూరుద్దీన్ సారు పేపరు దిద్ది జాహేదా ముందు పెట్టాడు. దాన్ని చూసి ఆమె కిటికీలోంచి పిలిచింది.

"అండాలూ, లోపటికి రా."

ఆ పిల్లకు చెప్పుల్లేవు. కాళ్లకు ముందురోజు మడి బురద ఇంకా ఎండి ఉంది. గుమ్మం దగ్గర ఆగిపోయింది. తర్వాత బోరింగు దగ్గరికి పరుగెత్తి, కాళ్లు రుద్ది రుద్ది కడుక్కుని, తడి అడుగులతో వచ్చి నిలబడింది. జాహేదా కుర్చీలోంచి లేచి ఆమెను కూర్చోబెట్టింది. చుక్కను చెరిపి, యాభై ఎనిమిది అని కొట్టింది.

"గీ పెద్ద మీట ఉన్నది చూడు. నువ్వే నొక్కు."

అండాలు భయంగా, పొయ్యి మీది గిన్నెను ముట్టుకున్నట్టు, వేలితో మీట నొక్కింది. తెర ఒక్క క్షణం చీకటైంది. మళ్లీ వెలిగేసరికి, అట్టడుగున ఉన్న ఆమె పేరు లేచి పైకి పోతోంది, దారిలోని పేర్లు ఒక్కొక్కటే కిందికి జరిగి చోటిస్తున్నాయి.