విడిచిన చీరల శీనమ్మ

దేశంలో ఏడ్చే పసిపిల్లలందర్నీ మా అవ్వ శీనమ్మ ఒక్క చేత్తో ఊరుకోబెట్టగలదు. రెండో చెయ్యి ఖాళీగా ఉండదు. దాంతో వాళ్ల అమ్మల చీరలు అడుక్కుంటూ ఉంటుంది.

ఉదయగిరిలో గొర్రెలు అమ్మేసినప్పటి నుంచి అవ్వకు పొద్దుపోదు. వారానికి మూడు రోజులు బస్సెక్కి ఆత్మకూరు ఆస్పత్రికి పోతుంది. తల్లి లేవలేని బిడ్డల్ని ఎత్తుకుని కూర్చుంటుంది. జీతం లేదు, చీరలే. అవీ కొత్తవి కాదు, ఉతికినవి కాదు. ఒంటిమీద నుంచి అప్పుడే విడిచినవి. అక్కడే చుట్టుకుంటుంది కూడా.

ఒకాయన సంతోషించి కొత్త చీర తెచ్చిస్తే, "ఇదెందుకు నాయనా, నీ పెళ్లాం విడిచింది ఉండాదా?" అంది. ఆయన ఇప్పటికీ ఆ వార్డు వైపు రాడు.

"అవ్వా, అడుక్కునేవాళ్లు కూడా ఉతికింది అడుగుతారే!" అన్నాను.

"వాళ్లకు తెలివి లేదులే."

పోయిన నెల సుజన అనే అమ్మాయికి కాన్పయ్యాక ఫిట్స్ వస్తే నెల్లూరు పంపించారు. మూడు రోజుల బిడ్డ ఆత్మకూరులోనే ఉండిపోయాడు. చెంచాతో పాలు పోస్తే ఉమ్మేస్తున్నాడు.

"సాయంత్రానికి తాగకపోతే ముక్కులో గొట్టం వెయ్యాల శీనమ్మా," అంది నర్సు లిదియమ్మ.

అవ్వ సుజన అత్త ఆదిశేషమ్మ మీద పడింది. "నీ కోడలు విడిచిన చీర యాడ?"

"మాది పరువుగల ఇల్లు. సబ్బుపొడిలో నానబెట్టి రెండుసార్లు ఉతికేసినా."

"కొంప ముంచినావు గదమ్మా!" అని అవ్వ తల బాదుకుని, తోడొచ్చిన నన్ను లాక్కుని నెల్లూరు బస్సెక్కింది.

అక్కడ సుజనను ఎట్లా ఉన్నావని కూడా అడగలేదు. కప్పుకున్న పాతచీర అడిగింది. నేను సిగ్గుతో ఫ్యాను చూశాను.

"వాడు తాగతా ఉండాడా అవ్వా?" అంది సుజన.

"ఆ చీర ఇటియ్యి, తాగతాడు."

తిరుగు బస్సులో అవ్వ దాన్నే చుట్టుకుంది. పక్కనున్నావిడ ముక్కు మూసుకుని లేచిపోయింది. నేనూ లేచిపోయాను.

లిదియమ్మ అవ్వ చేత మూడుసార్లు చేతులు కడిగించి బిడ్డనిచ్చింది. వాడు ఏడుస్తూనే కొంగులో మొహం దూర్చాడు. వెతికాడు. ఊరుకున్నాడు. చెంచా ఆనిస్తే ఒక గుటక వేశాడు. ఇంకో గుటక. లిదియమ్మ గొట్టాన్ని తిరిగి బీరువాలో పెట్టేసింది.

"ఏం మంత్రం అవ్వా?" అన్నాను.

"మంత్రమేందిరా? తల్లి చచ్చిన గొర్రెపిల్లను ఇంకో గొర్రె తాగనియ్యాలంటే దాని సొంత పిల్ల వాసన రుద్దుతాం. వీడికీ ముక్కుండాది గదా."

వారానికి సుజన వచ్చింది. అవ్వ బిడ్డనూ, ఉతికి మడత పెట్టిన చీరనూ ఆమె చేతిలో పెట్టింది. నేను నోరు తెరిచాను.

"ఒక్కటీ ఉంచుకోదబ్బాయ్. ఎవురిది వాళ్లకి ఇచ్చేస్తాది," అంది లిదియమ్మ.

ఇంటికొస్తూ అడిగాను. "చీరల పిచ్చిదని ఊరంతా చాటినానే, ముందే చెప్పుంటే నీ సొమ్మేం పోయింది?"

"నిన్నూ మీయమ్మ జరంతో పడుంటే అట్టనే సాకినా. గొర్రెపిల్లవైతే ఈపాటికి సంతలో అమ్మేసుందును."