చేసి చూస్తే గానీ గీయని అత్తయ్య

అత్తయ్య చేతులు మోచేతుల దాకా మట్టిలో ఉన్నాయి. ఎదురుగా చక్రం గిర్రున తిరుగుతోంది. దాని మీద కుండ కావలసిన ముద్ద ఒక పక్కకి ఒరిగి, ఇంకో పక్కకి ఉబ్బి, చివరికి ఆమె ఒళ్లోకి వచ్చి వాలింది. "ఇప్పుడు తెలిసింది. బొటనవేలు లోపల ఉండాలి, నేను బయట గీశాను," అంది అత్తయ్య తృప్తిగా. కుండలు చేసే కళాకారిణి మీద పిల్లల పుస్తకానికి అప్పటిదాకా వేసిన పద్నాలుగు బొమ్మలూ ఆ పూటే చింపేసింది. తన చేత్తో చేసి చూడని పనిని గీయకపోవడం అత్తయ్యకున్న జబ్బు. దానికి మందు లేదు.

ఆ జబ్బుతో వేగేవాడు ఆమె మేనల్లుడు. ఒక గది, రెండు బల్లలు ఉన్న ప్రచురణ సంస్థ అతనిది. మహిళా కళాకారుల జీవితాలను చిన్నపిల్లల కోసం బొమ్మల పుస్తకాలుగా వేస్తాడు. రాత అతనిది, బొమ్మలు అత్తయ్యవి. రాయడానికి అతనికి ఒక నెల, గీయడానికి ఆమెకి రెండు నెలలు. చేసి చూడటానికి ఎంతకాలం పడుతుందో మాత్రం ఎవరూ చెప్పలేరు.

నేతపని చేసే ఆవిడ పుస్తకం వేసినప్పుడు మగ్గం హాల్లోకి వచ్చింది. మామయ్య ఆరువారాల పాటు వంటింట్లోకి దారాల కింద పాక్కుంటూ వెళ్లాడు. శిల్పి పుస్తకం వేసినప్పుడు కింది వాటా ఆయన పైకి వచ్చి తలుపు కొట్టాడు.

"ఏమండీ, గోడ పగలగొడుతున్నారా?"

"లేదండీ, ముక్కు చెక్కుతున్నాను."

"ఎవరిది?"

"ఇంకా తెలియలేదు."

ఇలా తయారైన సరుకంతా చుట్టాలకి చేరేది. మేనల్లుడి ఇంట్లో నీళ్లు నిలవని కూజాలు మూడున్నాయి. వాటిలో పెన్సిళ్లు నిలుస్తాయి కాబట్టి అతను ఎవరికీ ఫిర్యాదు చేయలేదు.

ఆరో పుస్తకం కాగితం కత్తిరించి బొమ్మలు చేసే ఒక పెద్దావిడ గురించి. ముప్పై ఒక్క పేజీలు వేళకి వచ్చేశాయి. ఆఖరి పేజీ రాలేదు. గురువారం దాటితే ప్రెస్ వాళ్లు బడిపుస్తకాలు అందుకుంటారు, మళ్లీ మూడు నెలల దాకా ఇంకో పుస్తకం ముట్టరు. మేనల్లుడికి నిద్ర పట్టడం మానేసింది.

ఆ పేజీకి అతను రాసిన వాక్యాలు రెండే. 'రెండేళ్ల కిందట పక్షవాతం వచ్చి ఆమె కుడిచేయి పడిపోయింది. అప్పటినుంచి ఆమె కత్తెర పట్టలేదు.'

సోమవారం ఫోన్ చేశాడు. "అత్తయ్యా, గోడకి ఒక మేకు, మేకుకి ఒక కత్తెర. అంతే కదా బొమ్మ. ఇందులో చేసి చూడాల్సిందేముంది?"

"కత్తెర పట్టకపోవడం ఎలా ఉంటుందో చూస్తున్నానురా."

"దానికి ఊరికే కూర్చుంటే చాలు."

"కూర్చోలేకపోతున్నాను. అదే వచ్చిన చిక్కు," అని పెట్టేసింది.

బుధవారం అతను ఇంటికే వెళ్లాడు. మామయ్య తలుపు తీశాడు.

"లేదురా. కుడిచేయి నడుముకి కట్టించుకుని పొద్దున్నే వెళ్లింది."

"ఏంటి, కట్టించుకునా?"

"తువ్వాలుతో. ఎనిమిది రోజులుగా నేనే కడుతున్నాను. ఇప్పుడు ముడి బాగా కుదురుతోంది."

"ఎక్కడికి వెళ్లింది?"

"ఆ పెద్దావిడ ఇంటికి."

అక్కడ పెద్దావిడ కూతురు తలుపు తీసి, మాట్లాడొద్దని సైగ చేసింది. లోపల కిటికీ పక్కన బల్లకి అటూ ఇటూ ఇద్దరు ఆడవాళ్లు. కాగితం కదలకుండా దాని అంచు మీద ఇస్త్రీపెట్టె పెట్టి, అత్తయ్య నాలుక కొరుక్కుంటూ ఎడమచేత్తో కత్తిరిస్తోంది. కాగితం తెగడం కంటే నలగడం ఎక్కువగా ఉంది.

"రోజూ వస్తున్నారండీ," అంది కూతురు గుసగుసగా. "రెండేళ్లుగా అమ్మ కత్తెర వైపు కన్నెత్తి చూడలేదు. మొదటి మూడు రోజులూ మొహం తిప్పుకునే కూర్చుంది. నాలుగో రోజు, అదేంటి అని అడిగింది. ఈవిడ కోడి అన్నారు. దానికి ఐదు కాళ్లున్నాయి అంది అమ్మ. పని గురించి అమ్మ నోరు విప్పింది మళ్లీ అప్పుడే."

బల్ల దగ్గర పెద్దావిడ విసుక్కుంటోంది. "కత్తెర తిప్పుతావేంటమ్మా? మెలిక దగ్గర కాగితం తిప్పాలి."

"పైన ఇస్త్రీపెట్టె ఉంది కదండీ."

"తీసెయ్ దాన్ని."

"తీస్తే కాగితం జారిపోదూ?"

పెద్దావిడ ఒళ్లో పడి ఉన్న తన కుడిచేతిని కాసేపు చూసుకుంది. ఎడమచేత్తో దాన్ని ఎత్తి, తెచ్చి, కాగితం మీద పెట్టింది. "ఇదీ బరువుగానే ఉందిగా. పనీపాటా లేకుండా పడుకుంటోంది. ఆ కత్తెర ఇలా తే. నీ చేతిలో కాగితం గోల పెడుతోంది."

ఆవిడ ఎడమచేత్తో కత్తిరించిన మొదటి కొంగకి మెడ తెగిపోయింది. రెండోదానికి ముక్కు రాలేదు. మూడోదానికి ఆవిడ భుజాన్ని కొంచెం వెనక్కి లాగింది. ఆ భుజంతో పాటు చేయి జరిగింది, చేతి కింద కాగితం తిరిగింది, కత్తెర ఉన్నచోటే ఉండి మెడ వంపు మొత్తం చుట్టి వచ్చింది. కొంగని వెలుతురుకి పట్టి చూసి, "పర్లేదు," అంది. మేనల్లుడు గురువారం సంగతి పూర్తిగా మర్చిపోయాడు.

మెట్లు దిగాక అత్తయ్య నడుం దగ్గరి ముడి విప్పుతూ అడిగాడు. "నిజం చెప్పు అత్తయ్యా. నీకు రాకా, కావాలనే పాడుచేశావా?"

"కావాలని అంత చక్కగా పాడుచేసే పనితనం నాకెక్కడిదిరా," అంది అత్తయ్య, మొద్దుబారిన చేయి విదిలించుకుంటూ. "మందలించడానికి ఆవిడకి ఒక మనిషి కావాలి. నేను దొరికాను."

"మరి ఆఖరి పేజీ?"

"నువ్వు అబద్ధం రాశావు. నేనెలా గీస్తాను? నిన్న రాసుంటే నిజమేనేమో."

ఆ సాయంత్రం అతను రెండు వాక్యాలూ కొట్టేసి మళ్లీ రాశాడు. 'ఇప్పుడామె ఎడమచేత్తో కత్తిరిస్తుంది. కుడిచేయి కాగితాన్ని పట్టుకుంటుంది.' వాటి పైన అత్తయ్య ఏమీ గీయలేదు. పెద్దావిడని అడిగి తెచ్చిన మూడో కొంగనే అంటించింది.

గురువారం పొద్దున ప్రెస్‌లో ఫోర్‌మన్ కళ్లద్దాలు సవరించుకుని పేజీ చూశాడు. "రెక్క దగ్గర అంచు కాస్త వంకరగా ఉందండీ. కంప్యూటర్లో నున్నగా చేసెయ్యమంటారా?"

"ముట్టుకోకండి," అన్నారు అత్తా మేనల్లుడూ ఒకేసారి.

"ఎవరు చేశారేంటి?"

"చేయి తిరిగినావిడ," అంది అత్తయ్య.

మేనల్లుడు వారం తర్వాత మొదటిసారి కుర్చీలో వెనక్కి వాలి కూర్చున్నాడు. ఫోర్‌మన్ కొంగ లేచిపోకుండా పేజీని రెండు అరచేతుల మీద పరుచుకుని, మెల్లగా నడుస్తూ లోపలికి తీసుకెళ్లాడు.