తెల్లబడ్డ బావ పొలం

నిన్న మా బావ చేతుల నా పానం పోయేదే! ఏదో గండం గడిచి, గిట్ల మీ ముందట కూసోని చాయ్ తాగుతున్న.

నాకు ఫోటోల పిచ్చి గదా. డ్యూటీ దిగితే కెమెరా, సెలవొస్తే కెమెరా. ఈ నడుమ పాత కెమెరాను ఇన్‌ఫ్రారెడ్‌కు మార్పించిన. దాంతోని తీస్తే పచ్చని ఆకులన్నీ తెల్లగ, మంచు కురిసినట్టు వస్తయి. కొత్తదానికి మాక్రో లెన్స్ కొన్న. చీమను తీసినా దున్నపోతంత కనవడ్తది!

నిన్న ఆదివారం. గోదావరిఖని నుంచి బండేసుకొని రామగిరి దిక్కు మా అక్కోళ్ల ఊరికి పోయిన. అక్కా బావా మంచిర్యాలల పెండ్లికి పోయిన్రు. ఇంకేం, వరి పొలమంత నాదే! ఒడ్డు మీద బోర్ల పండి, బియ్యపు గింజంత మిడత పిల్లను తీసిన. లేశి పొలాన్ని ఇన్‌ఫ్రారెడ్‌ల తీసిన. అబ్బ, ఏం వచ్చిందనుకున్నరు! రెండూ వాట్సాప్ స్టేటస్‌ల పెట్టి, కింద "బావ పొలం... చూస్తుంటే నోట మాట వస్తలేదు" అని రాసిన.

కాసేపటికే బావ ఫోన్.

"ఏందిరా గిది? పొలమంత తెల్లబడ్డదేంది?"

"మంచిగున్నది గదా బావా!" అన్న.

"మంచిగుండుడా? పంట పోతే నీకు నవ్వులాటగున్నదా? ఆ పురుగేంది, గంతున్నది? ఉండు, వస్తున్న!"

"బావా, గది ఇన్‌ఫ్రా..."

కట్! మళ్ల చేస్తే ఎత్తుతలేడు.

గోదావరి బ్రిడ్జి దాటి ఎంత జల్ది వచ్చిన్రో ఏమో! బండి మీద బావ, ఎనుక పట్టుచీరల అక్క, ఆమె ఒడిల పురుగుల మందు డబ్బాలు. అక్క కండ్లల్ల నీళ్లు. బావ చెప్పులిడిశి, పెండ్లికేసుకున్న కొత్త బట్టలతోనే పొలంలకు దిగిండు. ఆకు పట్టుకొని ఇటు తిప్పిండు, అటు తిప్పిండు. పచ్చగనే ఉన్నది! ఇంకో మడిల చూసిండు. అదీ పచ్చగనే!

ఒడ్డు మీద కూలబడి, "బతికినం పో" అన్నడు. అక్క కొంగుతోని కండ్లు తుడ్సుకొని నవ్వింది. అప్పుడు నాకూ ఊపిరాడింది. గంతల్నే బావ తిట్లు షురూ!

"ఇస్తర్ల మటన్ ఏసిన్రు రా! ఒక్క బుక్క గూడ పెట్టుకోలే! నీ ఫోటో చూపిస్తే మందుల దుకాణపాయన, 'గిసొంటి పురుగును నేనెన్నడు చూడలే' అని భయపడ్డడు!"

అంతల చుట్టాల ఫోన్లు మొదలైనయి. "పంట పోయిందటగా?" అని ఒకలెనుక ఒకలు. బావ ఇగ లాభం లేదని నా ఫోన్ గుంజుకున్నడు. పొలాన్ని టక్కున ఒక్క ఫోటో కొట్టి, "గిది పెట్టు స్టేటస్" అన్నడు. జల్ది పెట్టిన.

పొద్దుగూకినంక మా అమ్మ ఫోన్ చేసింది. ఒకటే మురిసిపోతున్నది.

"బిడ్డా, గీ పచ్చటి పొలం ఫోటో ఎంత మంచిగున్నది! ఇన్నొద్దులకు నీకు ఫోటోలు తీసుడొచ్చింది!"

బావ తీసిండని చెప్పబుద్ధి గాలే. "అవునమ్మా, ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్న" అన్న.