ఆకును అడిగే దావీదు సారు

దావీదు సారుకు ఆకు కనపడితే చెయ్యి ఆగదు. నంద్యాల వ్యవసాయాఫీసులో పండ్లతోటల సారు ఆయన. తోటకు ఏ సత్తువ తక్కువైందో రైతును అడగడు, చెట్టును చూసి ఊహించడు. ఆకు కోసి, పరీక్షకు పంపి, ఆకునే అడుగుతాడు. అదీ ఏదో ఒక ఆకు కాదు. కాయ లేని కొమ్మది, నాలుగైదు నెలల వయసుది, ఛాతీ ఎత్తులోది, చెట్టుకు నాలుగు దిక్కులా ఒక్కొక్కటి. పెళ్లి సంబంధానికి కూడా ఇన్ని షరతులుండవని శిరివెళ్ల రైతు అబ్దుల్ రహిమాన్ అనేవాడు.

రహిమాన్‌కు సారంటే ఇష్టం, కొంచెం జాలి కూడా. ఒకసారి ఇద్దరూ పనిమీద ఆళ్లగడ్డకు పోయారు. శిల్పుల వీధిలో సగం చెక్కిన అమ్మవారి విగ్రహం పక్కన రాతి చెట్టుకొమ్మ ఒకటి ఉంది. సారు ఆగాడు. వంగి ఆ ఆకు అంచును వేలితో రుద్దాడు.

"ఇది కొనాకు. పరీక్షకు పనికిరాదు."

శిల్పి ఉలి దించాడు. "రాయి సారూ అది."

"రాయైతే మాత్రం? కొనకొమ్మకు ఇంత పెద్దాకు యాడన్నా ఉంటాదా?"

శిల్పి కాసేపు ఆలోచించి, ఆకును చిన్నది చేశాడు. రహిమాన్ ఈ ముచ్చట ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ నమ్మలేదు.

సారు మేనకోడలు సలోమి పెళ్లిలో అయితే మరీ అన్యాయం. పెళ్లికూతుర్ని చెయ్యి పట్టి చర్చిలోకి నడిపించాల్సిన మనిషి, గుమ్మానికి కట్టిన మామిడి తోరణం ముందు నిలబడిపోయాడు.

"మామా, పాస్టరుగారు చూస్తాండారు," అంది సలోమి.

"ఉండమ్మా. ఈ ఆకులన్నీ చెట్టుకు ఒక పక్కనే కోసినారు. మూడు దిక్కులు ఇడిసిపెట్టినారు."

చివరికి ఆయన భార్య లూదియా వచ్చి ఇద్దర్నీ లోపలికి తోసింది.

ఇక డెబ్బై ఎనిమిదిలో జరిగిన సంగతి. రహిమాన్‌కు ఎనభై చీనీ చెట్లుండేవి. కోస్తావాళ్లు బత్తాయి అంటారే, అవి. వాళ్ల అబ్బా, అంటే నాయన, నాటినవి. రెండేళ్లుగా ఆకులు చిన్నబోయి, ఈనెల మధ్య పాలిపోయి, పిందెలు నిలవడం లేదు. అప్పుడే సారు టీ హోటల్ దగ్గర రైతులకు కాగితం కవర్లు పంచాడు. ఇరవై చెట్ల నుంచి ఆకులు కోసి, పేరు రాసి తెమ్మన్నాడు.

రహిమాన్ తన చెట్ల ముందు చాలాసేపు నిలబడ్డాడు. ఈ పాలిపోయిన ఆకుల్ని తన పేరు రాసి టౌను ఆఫీసుకు పంపడమా? చూపులకు వచ్చినవాళ్ల ముందు పిల్లను చింపిరి తలతో కూర్చోబెడతామా? గట్టు దాటి సుబ్బరాయుడి తోటలో నిగనిగలాడే ఆకులు కోసి, గుడ్డతో తుడిచి మరీ పంపాడు.

నెల తిరిగేసరికి కార్డు వచ్చింది. తోటకు ఏ లోపమూ లేదట.

కార్డు హోటలంతా తిరిగింది. లోపం లేకుండా కాపు పోయిందంటే అది ముసలితనమేనని అందరూ తేల్చేశారు. "కొట్టేసి పత్తి పెట్టుకోప్పా," అన్నాడు సుబ్బరాయుడు. నిజం చెబితే పరువు పోతుంది, చెప్పకపోతే తోట పోతుంది. రహిమాన్ పరువునే పట్టుకున్నాడు. ఆళ్లగడ్డ నుంచి చెట్లు కొట్టే ఓబులేసు సోమవారం వస్తానన్నాడు. "మీ అబ్బా చేతి చెట్లు," అని ఒక్కమాట అని భార్య హమీదాబీ లోపలికి పోయింది.

సోమవారం ఓబులేసు గొడ్డలి నూరుతుండగా సారు బస్సు దిగాడు. దారిలో ప్రతి ఇంటి ముందూ ఆగి జామాకు, సొరాకు, ఏది దొరికితే అది కోసుకుంటూ వస్తున్నాడు.

"సారూ, అది గోరింటాకు," అంది ఒక ఇంటి ముందు దానమ్మ.

"ఒక్కటే తల్లీ."

అట్లా తోటలోకి వచ్చి ఓబులేసుకు అడ్డం నిలబడ్డాడు. "గొడ్డలి పెట్టేముందు నా ఆకులు నన్ను తీసుకోనీప్పా. చెట్టు పడినాక ఏ కొమ్మ ఏ దిక్కుదో ఎట్ల తెలుస్తాది?"

మొదటి చెట్టు దగ్గరే గంట పట్టింది. ఒక ఆకు పట్టుకుంటాడు, "దీనికి నాలుగు నెలలు నిండలా," అంటాడు. ఇంకొకటి పట్టుకుంటాడు, "ఇది పిందె వేసిన కొమ్మ," అంటాడు.

"పొద్దు తిరిగింది సారూ," అన్నాడు ఓబులేసు.

"అయిపాయప్పా. ఈసారి అన్ని చెట్లవీ కావాల, ఇంక డెబ్బై అయిదే."

ఓబులేసు గొడ్డలి భుజాన వేసుకున్నాడు. "ఆకులైనాక కబురు పెట్టండి," అని బస్సెక్కేశాడు.

నెల తర్వాత సారు హోటల్లో అందరి ముందూ నిలబడ్డాడు. "తప్పు నాదప్పా. ఆ పొద్దు కవర్లు మార్చేసినా. రహిమాన్ తోటకు జింకు తక్కువైంది. మందు కొడితే మళ్లా కాస్తాది."

హోటలంతా ఒకటే నవ్వు. "ఆకును అడిగే సారు, అది ఎవరి ఆకో అడగడం మరిచినాడు," అన్నాడు సుబ్బరాయుడు. సారు కూడా నవ్వాడు. రహిమాన్‌కు మాత్రం నవ్వు రాలేదు. కవర్లు మారలేదని తనకు తెలుసు.

జింకు ఉప్పులో సున్నపు తేట కలిపి చెట్లకు కొట్టారు. కొత్త చిగురు వెడల్పుగా, పచ్చగా వచ్చింది. మరుసటేడు పిందె నిలిచింది. రహిమాన్ గంపెడు చీనీకాయలు నెత్తిన పెట్టుకుని నంద్యాలలో సారు ఇంటికి పోయాడు.

"సార్, ఆ కవర్లో ఆకులు..."

"సుబ్బరాయుడివి. కూర్చోప్పా."

"తెలుసా సార్?"

"మీ తోట పాలిపోయిండేది బస్సులో పోతా చూస్తానే ఉంటి. దానికి ఏ లోపం లేదంటే నమ్ముతానా? గట్టు పక్కన పచ్చగా ఉండేది సుబ్బరాయుడి తోటొకటే."

"మరి తప్పు మీమీద ఎందుకేసుకుంటిరి?"

"నేను తప్పు చేస్తే ఊరు నవ్వి ఊరుకుంటాది. నువ్వు చేస్తే నీ మనవళ్ల పెండ్లిళ్లలో కూడా చెప్పుకుంటారు."

"ఊరంతా ఆకులు పీక్కుంటా వొచ్చింది?"

"నీ ఒక్కని తోటకే వొస్తే, ఎందుకొచ్చినాడని అడగరా?"

వంటింట్లోంచి లూదియా తొంగి చూసింది. "అంత గొప్పగా అనుకోవాకన్నా. ఆ గోరింటాకు కూడా పరీక్షకు పంపినాడు."

"దానికి ఇనుము తక్కువుంది," అన్నాడు సారు, చాలా దిగులుగా.

శిరివెళ్ల హోటల్లో ఇప్పటికీ కవర్లు మార్చిన సారు అంటే నవ్వుతారు. ఆయన బస్సు దిగిన రోజు మాత్రం రహిమాన్ అందరికంటే ముందు లేచి, తన తువ్వాలుతో బల్ల తుడిచి, ఆయన్ని కూర్చోబెడతాడు.