సముద్రాన్ని శుభ్రం చేసిన రోజు

మొన్న ఒక చర్చిలో పాట రికార్డు చేస్తుంటే పైన ఫ్యాను కిర్రుకిర్రుమంది. పాస్టరుగారు నొచ్చుకుని ఆపించబోయారు. నేనే వద్దన్నాను. ఒకప్పుడైతే ఆ కిర్రును పురుగును ఏరినట్టు ఏరిపారేసేదాన్ని. అట్లా ఏరడం నాకు నేర్పింది, నేర్పినందుకు అనుభవించింది, ఒక్కరే. దానియేలన్న.

నెల్లూరులో మందుల అంగడి పైగది ఆయన స్టూడియో. చర్చి పాటలు, బియ్యం అంగళ్ళ ప్రకటనలు, ఆటోలో తిరిగే ప్రచారాలు, అన్నీ చేసేవాడు. డిగ్రీ అయ్యాక దొరవారిసత్రం నుంచి వచ్చి ఆయన దగ్గర పనిలో చేరాను. మొదటి పాఠం శుభ్రం. పాటలో గొంతు తప్ప దగ్గు, గాలి, కాకి ఏదీ ఉండకూడదు. రెండో పాఠం, శుభ్రం చేశాక అసలు ఫైలు తీసెయ్యడం. "ఊడ్చినాక చెత్త ఇంట్లో పెట్టుకుంటామా?" అనేవాడు.

అట్లాంటి మనిషి ఒక ఏడు, వానలు మొదలయ్యే ముందు, పాట లేని, వాయిద్యం లేని ఆల్బం చేస్తానన్నాడు.

"మరి పాడేదెవరన్నా?"

"సముద్రం."

ఆయన భార్య ఎస్తేరక్క నెత్తి కొట్టుకుంది. "మైపాడు బస్సెక్కితే ఊరికే వినొచ్చు గదా! దానికి ఆల్బమెందుకు?"

ఆయన నవ్వలేదు. "ఇరవై ఏండ్లుగా ఊళ్ళో వాళ్ళ పాటలన్నీ చేసినా. ఇది నాది అని చెప్పుకునేదానికి ఒక్కటి లేదు" అన్నాడు.

మొదట వాకాడు దిక్కు ఒక పల్లెలో చేపల వేలం రికార్డు చెయ్యబోయాం. మేం మైకు ఎత్తగానే అంత గోలా టక్కున ఆగిపోయింది. మా వైపు మైకు కనిపిస్తే అది ప్రార్థన కూటమే. ఒక ముసలమ్మ గంప దించి, కొంగు తల మీద కప్పుకుని, తన మోకాలినొప్పి దేవుడు ఎట్లా తీసేసినాడో సాక్ష్యం మొదలుపెట్టింది. అందరూ ఆమెన్ అన్నారు. మధ్యలో ఆపితే పాపమని దానియేలన్న కూడా కళ్ళు మూసుకున్నాడు. ఎండ ఎక్కుతోంది, చేపలు వాసన కొడుతున్నాయి. చివరికి ఒకాయన వచ్చి, "అయ్యగారూ, మీరు ప్రార్థన చేసి ముగిస్తే మేం చేపలు అమ్ముకుంటాం" అని బతిమాలాడు. దానియేలన్న నిజంగానే ప్రార్థన చేసి ముగించాడు. ఆ రోజు మాకు దొరికిన శబ్దం అదొక్కటే, ఇంటికి రాగానే దాన్నీ చెరిపేయించాడు.

"ఇంక మనుషులొద్దు" అని, తీరం పక్క సరుగుడు తోటలో మైకు పెట్టాం. వాయుగుండం తగిలే ముందు వీచే గాలి అది, మళ్ళీ ఏడాదికి గానీ రాదు. ఆయన కట్టుబాట్లు చెప్పనక్కర్లేదు. నా గాజులు తీయించాడు. తుమ్మొస్తే ముక్కు పట్టుకోమన్నాడు. తను మాత్రం మైకు పక్కనే, కళ్ళు మూసుకుని, తపస్సులో ఉన్నట్టు కూర్చున్నాడు. అలల హోరులో నాకింకేమీ వినపడలేదు.

"రేపటికి ఫైళ్ళు సిద్ధం చెయ్యమ్మా" అన్నాడు. చేశాను. ఏ ఫైలుకైనా చేసేదే దీనికీ చేశాను. గొంతు మాత్రం ఉంచి తక్కినదంతా తీసేసే మీట నొక్కాను, అసలు ఫైళ్ళు చెరిపేశాను. ఇల్లు అలికినంత తృప్తిగా నిద్రపోయాను.

పొద్దున ఆయన స్పీకర్లు పెట్టాడు. గాలి లేదు. సముద్రం లేదు. "అన్నా, అసలువి కూడా తీసేసినా" అన్నాను. అప్పుడే ఆ నిశ్శబ్దంలోంచి గొంతొకటి వచ్చింది. "ఓరి దేవుడా, ఏం గాలి!" కాసేపాగి, "పో, కాకీ, పో." తర్వాత దగ్గు. ఆ తర్వాత, "ఆకలైతా ఉండాది." నన్ను తుమ్మనివ్వని మనిషి, తనకు తెలియకుండానే, సాంతం గొణుగుతూనే ఉన్నాడు!

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆయన చివరిదాకా విన్నాడు. "ఇదంతా నేనేనా?" అన్నాడు.

"నువ్వేనన్నా."

స్పీకర్లు ఆపేశాడు. నా పని ఊడిందనుకున్నాను. "తప్పు నీది కాదమ్మా. శుభ్రం చెయ్యడం తప్ప ఇంకేం నేర్పించినా నీకు?" అన్నాడు. తిట్టినా అంత బాధ ఉండేది కాదు. ఆ ఫైలు చెరిపేస్తానంటే వద్దని, "ఎస్తేరుకు మాత్రం వినిపించొద్దు" అని మాట తీసుకున్నాడు.

మరుసటేడు మళ్ళీ వెళ్ళాం. ఈసారి నోట్లో చేతిరుమాలు కుక్కుకుని కూర్చున్నాడు. ఆల్బం బయటికొచ్చింది. అది పెట్టుకుంటే బాగా నిద్ర పడుతోందని ఎవరో రాస్తే, పొగిడినారా తిట్టినారా అని రెండ్రోజులు నన్నడిగాడు.

ఆ మరుసటేడే ఆయన పోయాడు. సమాధి కార్యక్రమం అయిన వారానికి ఎస్తేరక్క స్టూడియోకు వచ్చింది. "ఆయన గొంతు యాడన్నా ఉండాదామ్మా?" అంది. వెతికాను. ఇరవై ఏళ్ళ ఫైళ్ళలో ఊరందరి గొంతులూ ఉన్నాయి, ఆయనది తప్ప. ఆల్బంలో చేతిరుమాలు తన పని తాను చేసింది. ఇచ్చిన మాట తప్పి ఆ పాడైన ఫైలు పెట్టాను.

దగ్గు అయ్యాక, ఆకలి అయ్యాక, చివర్లో వచ్చింది. "ఎస్తేరును తీసుకొచ్చుంటే బాగుండు. అయితే అది నోరు మూసుకోదే."

ఎస్తేరక్క పకపకా నవ్వింది. నవ్వుతూనే కొంగు కళ్ళకు అడ్డం పెట్టుకుంది. "ఇంకోసారి పెట్టమ్మా" అంది.

అప్పటి నుంచి నేను అసలు ఫైలు ఒక్కటి కూడా చెరపలేదు. పాస్టర్ల దగ్గులు, చంటిబిడ్డల ఏడుపులు, పాట మధ్య గుసగుసలు, అన్నీ దాచి పెట్టాను. రేపు ఎవరొచ్చి ఏ గొంతు అడుగుతారో నాకేం తెలుసు?