ఏసురత్నం సార్ జారమన్న రోజు

టింక్చర్ వాసన తగిలితే ఇప్పటికీ నాకు కోపం వస్తుంది. నిన్న మా ఫుట్‌బాల్ క్లబ్బు గదిలో ఎవరికో మోకాలు గీసుకుపోతే సీసా మూత తీశారు. చేతిలో కాగితాలు బల్లమీద పడేసి నేను బయటికి వచ్చేశాను. ఆ కాగితాల పనే నాది. ఊళ్ళు తిరిగి ఆటగాళ్ళను చూసి, మా కోచ్ ఆడించే పద్ధతికి ఎవరు సరిపోతారో రాసివ్వాలి. ఒకప్పుడు నా గురించీ ఒకతను అలాగే రాశాడు. అప్పుడు నా పక్కన నిలబడిన మనిషి ఏసురత్నం సార్.

ఆయన కోలారు బంగారు గనిలో కప్పు కూలకుండా దుంగలు నిలిపే పని చేసేవారు. గని మూసేశాక, మా ఊళ్ళో సగంమందిలాగే, పొద్దున్నే రైలెక్కి బెంగళూరులో కాపలా ఉద్యోగానికి పోయేవారు. ఆదివారాలు మాత్రం మావి. బంగారం తీశాక మిగిలిన మట్టి పోసిన సైనైడ్ దిబ్బల పక్కన మా మైదానం. గడ్డిపరక ఉండదు, అంతా కంకర. అక్కడ నేలమీద జారి కాలు చాచి బంతి లాక్కుంటే తొడమీది తోలు అక్కడే ఉండిపోతుంది. అందుకే సార్ మాకు జారడం నేర్పలేదు. ఎదుటివాడి కాళ్ళు కాదు, నడుము చూడమనేవారు. వాడెటు తిరుగుతాడో కనిపెట్టి నిలబడే బంతి తీయాలి. "పండుకున్నోడు పోయినట్టే అప్పా, లేచేలోపల గోలు పడతాది," అనేవారు. నాకు పదిహేడేళ్ళు వచ్చేసరికి నన్ను దాటిపోవడం చుట్టుపక్కల జట్లకు గగనమైపోయింది. గొప్ప నాది కాదు, ఆయన నేర్పిన తీరుది.

అప్పుడు బెంగళూరు నుంచి ఒక క్లబ్బు మనిషి వచ్చాడు. వాళ్ళ పద్ధతిలో జట్టంతా ముందుకు తోసుకుపోతుందట. వెనక మిగిలిన ఇద్దరూ ఒళ్ళు పడేసి బంతిని ఆపాలట. ఒక్క ఆట చూశాడు. నన్ను దాటి ఎవడూ పోలేదు. అయినా సార్‌కు చూపించిన కాగితంలో ఇలా ఉంది: ఒక్కసారీ జారలేదు, భయస్తుడు. సార్ అతన్ని చెయ్యి పట్టుకొని మైదానం మధ్యకు తీసుకెళ్ళి, ఇక్కడ మీరొకసారి జారి చూపించండి అన్నారు. అతను నవ్వాడు. తమ మైదానంలో గడ్డి ఉందనీ, రెండు వారాల్లో జారడం నేర్చుకొని వస్తే మళ్ళీ చూస్తాననీ చెప్పి వెళ్ళిపోయాడు.

మా నాన్న గని మూతపడ్డాక పని లేక ఇంట్లో కూర్చున్నాడు. ఆ క్లబ్బులో చేరితే నాది ఉద్యోగమే. ఆ సంగతి సార్‌కు తెలుసు. మరుసటి ఆదివారం బిందెలతో నీళ్ళు తెచ్చి గోలు ముందు నేల తడిపి, నా ముఖం చూడకుండా జారమన్నారు. మీరే వద్దన్నారు కదా అన్నాను.

"నేను వద్దనింది ఈ నేలకి. నువ్వు పోయేది ఇంగో నేలకి. నా మాట పట్టుకోని ఈడనే ఉండిపోతావా?"

జారాను. ఆ ఎండలో తడి ఎంతసేపుంటుంది? సాయంత్రానికి ఎడమ తొడ పచ్చి పుండయింది. ఆయనే టింక్చర్ రాశారు. సెలవు పెట్టి మరీ మర్నాడు మళ్ళీ జారమన్నారు.

నన్ను తీసుకున్నారు, ఒక్క సీజన్‌కు. తర్వాత కోచ్ మారాడు, పద్ధతి మారింది. కొత్తాయనకు నిలబడి ఆడేవాళ్ళు కావాలట. ఈసారి కాగితంలో నా పేరు పక్కన 'ఊరికే కింద పడతాడు' అని ఉంది. నేను పుట్టి పెరిగిందే నిలబడి ఆడుతూ అని మొత్తుకున్నాను. వాళ్ళ వీడియోల్లో అది లేదు. చెప్పుకు తగ్గట్టు కాలు కోసుకోమన్నారు, కోసుకున్నాక చెప్పు మార్చేశారు.

ఆ ఉక్రోషమంతా తెచ్చి సార్ ఇంటిముందు కుమ్మరించాను. మీకు తెలిసిందే సరైనదైనప్పుడు వాడి కాగితానికి ఎందుకు బెదిరారని, ఆయన భార్య వింటుండగానే నిలదీశాను.

"ఆయప్ప రాసింది చూసినాక నాకే అనుమానం పుట్టిందప్పా," అన్నారు సార్. "ఇన్నేండ్లూ మీకు తప్పు నేర్పినానేమో అని."

అది విన్నాక కూడా నేను తగ్గలేదు. గిర్రున తిరిగి వచ్చేశాను, మళ్ళీ ఆ వీధికి పోలేదు. గని దుమ్ము ఊపిరితిత్తులను తినేసి ఆయన పోయారన్న కబురు రైల్లో ఎవరో చెబితే విన్నాను.

ఒక్క పూట ఆట చూసి, ఒక్క మాట రాసి, ఒక మనిషి జీవితకాలపు పనితనాన్ని అతనే అనుమానించేలా చేశారు. నాకు మండేది అందుకు. ఆ మాటలు రాసే ఉద్యోగం ఇప్పుడు నేనే చేస్తున్నాను. సరిపోనివాణ్ణి సరిపోడనే రాస్తాను, తప్పదు. కానీ ఊరు వదిలే ముందు ఆ కుర్రాడికి ఆట నేర్పినవాళ్ళు ఎవరో వెతుక్కుంటూ పోయి, మీరు నేర్పింది సరైనదే, మా ఆటే వేరు అని చెప్పి వస్తాను. సార్‌కు ఆ మాట చెప్పాల్సినవాణ్ణి నేను. చెప్పలేదు.